హుజూరాబాద్ అంకెల్లో ఈటల రాజేందర్

2018 డిసెంబరు ఎన్నికల్లో హుజూరాబాద్ అసెంబ్లీ స్థానంలో బీజేపీకి పడిన ఓట్లు 1,683. అక్కడే నోటాకు పడినవి 2,867. మూడేళ్లు నిండకుండానే, 2021 నవంబరు 2న ఉప ఎన్నిక లెక్కింపు ముగిసేసరికి అదే స్థానంలో కమలం గుర్తుకు 1,07,022 ఓట్లు. మధ్యలో జరిగిన పెద్ద మార్పు ఒక్కటే. గులాబీ జెండా మీద ఆరుసార్లు గెలిచిన ఈటల రాజేందర్ కాషాయ కండువా కప్పుకున్నారు.

ఆ సాయంత్రం టీవీ చర్చల్లో తీర్పు చెప్పేశారు: ఓటు పార్టీది కాదు, మనిషిది. రెండేళ్లు గడిచాయి. 2023 డిసెంబరు 3న అదే మనిషి, అదే గుర్తు మీద, అవే ఊళ్లలో 16,873 ఓట్ల తేడాతో ఓడిపోయారు. ఈసారి తీర్పు: మనిషిదేముంది, అంతా గాలిది. ఈ రెండు మాటలనూ పక్కపక్కన పెట్టి లెక్క చూసినవాళ్లు మాత్రం తక్కువ.

చూస్తే తేలేది వేరు. ఈటలకు సొంత ఓటు ఉంది, అది చిన్నదేమీ కాదు. కానీ 2021లో ఆయన్ని గెలిపించింది అదొక్కటే కాదు. అందులో పెద్ద వాటా ఉప ఎన్నిక కాబట్టి చేతికొచ్చిన బదులు ఓటు. సాధారణ ఎన్నిక రాగానే దాని సొంతదారు వచ్చి తీసుకెళ్లిపోయాడు. ఈ మాట ఎందుకు అంటున్నానో చెప్పాలంటే కాస్త వెనక్కి, కమలాపూర్ దాకా వెళ్లాలి.

కమలాపూర్ రోజులు

ఈటల పుట్టింది కమలాపూర్‌లో. అప్పట్లో అది కరీంనగర్ జిల్లా, ఇప్పుడు హనుమకొండ జిల్లాలో ఉంది. ఉస్మానియాలో చదువు, విద్యార్థిగా వామపక్ష రాజకీయాలు, ఆ తర్వాత కోళ్ల పరిశ్రమ. కులం ముదిరాజ్. రెడ్లు, వెలమలు ఏలిన ఉత్తర తెలంగాణ రాజకీయంలో బీసీ నాయకుడిగా నిలదొక్కుకోవడం ఎంత కష్టమో ఆ ప్రాంతం తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

2004లో టీఆర్ఎస్ ఆయనకు కమలాపూర్ టికెట్ ఇచ్చింది. ఎదుట టీడీపీ నుంచి ముద్దసాని దామోదర్‌రెడ్డి. 1985 నుంచి ఆ సీటులో పాతుకుపోయిన నాయకుడు. ఈటల గెలిచారు. అయితే ఆ ఏడు టీఆర్ఎస్‌కు కాంగ్రెస్‌తో పొత్తు ఉంది. రాష్ట్రమంతా చంద్రబాబు తొమ్మిదేళ్ల పాలన మీద కోపంగా ఉంది. ఆ ఎన్నికలో టీఆర్ఎస్ 26 అసెంబ్లీ సీట్లు గెలిచింది. అంటే కొత్త అభ్యర్థికి తొలి గెలుపులోనే పొత్తు ఓటు కలిసొచ్చింది. ఇది గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

నాలుగేళ్లు తిరక్కుండా 2008 మార్చిలో మొదటి రాజీనామా. కాంగ్రెస్ తెలంగాణ ఇవ్వడం లేదని టీఆర్ఎస్ ఎమ్మెల్యేలు 16 మంది, ఎంపీలు నలుగురు పదవులు వదిలేశారు. ఊరేగింపులు, నినాదాలు, కావలసినంత ఉద్వేగం. మేలో ఉప ఎన్నికలు జరిగితే ఆ 16 అసెంబ్లీ సీట్లలో పార్టీకి తిరిగి దక్కినవి ఏడే. 2006 డిసెంబరులో కరీంనగర్ లోక్‌సభ ఉప ఎన్నికలో రెండు లక్షలకు పైగా మెజారిటీ తెచ్చుకున్న కేసీఆర్‌కు సైతం అదే సీటులో ఈసారి మెజారిటీ వేలల్లోకి పడిపోయింది. రాజీనామా చేస్తే జనం వెంటనే హారతి పడతారన్న నమ్మకం ఆ వేసవిలో చెదిరింది. ఆ ఏడుగురిలో ఈటల ఒకరు. పార్టీ మునిగిన చోట తేలిన మనిషిగా ఆయనకు పేరు వచ్చింది అప్పుడే.

2009కి నియోజకవర్గాల పునర్విభజన. కమలాపూర్ సీటు మాయమైంది. కమలాపూర్ మండలం హుజూరాబాద్‌లో కలిసింది. ఈటల హుజూరాబాద్‌కు మారారు. ఈసారి పొత్తు తిరగబడింది: టీఆర్ఎస్ టీడీపీతో, కమ్యూనిస్టులతో కలిసి మహాకూటమిలో ఉంది, ఎదుట ఉన్నది కాంగ్రెస్. పార్టీ మొత్తానికి గెలిచింది పదంటే పది సీట్లు. అందులో హుజూరాబాద్ ఒకటి, మెజారిటీ 15 వేల చిల్లర. శాసనసభలో టీఆర్ఎస్ పక్ష నాయకత్వం ఈటలకు దక్కింది. అంత చిన్న పక్షానికి నాయకుడు కావడం గొప్పా అని అప్పట్లో నవ్వినవాళ్లు ఉన్నారు. కానీ ఉద్యమం రాజుకున్న ఆ నాలుగేళ్లూ సభలో తెలంగాణ వాదన రోజూ వినిపించే గొంతు ఆయనదే అయింది.

తెలంగాణ ఇస్తామంటూ కేంద్రం 2009 డిసెంబరు 9న ప్రకటన, 23న వెనకడుగు, తర్వాత 2010 ఫిబ్రవరిలో రెండో రాజీనామా. జూలైలో 12 చోట్ల ఉప ఎన్నికలు జరిగితే టీఆర్ఎస్‌కు 11, బీజేపీకి 1. హుజూరాబాద్‌లో మళ్లీ పాత ప్రత్యర్థి దామోదర్‌రెడ్డే టీడీపీ నుంచి నిలబడ్డారు. మెజారిటీ 79 వేలు దాటింది. ఏడాది క్రితం 15 వేలు, ఇప్పుడు 79 వేలు. ఏడాదిలో ఈటల ఐదింతల మంచివాడైపోలేదు కదా. ఆ ఓటు తెలంగాణకు పడ్డ ఓటు. ఆయన ఆ రోజు ఆ జెండా పట్టుకుని ఉన్నారు.

2014లో రాష్ట్రం వచ్చింది, మెజారిటీ 57,037. తొలి ఆర్థిక మంత్రి. పౌరసరఫరాల శాఖ కూడా ఆయన దగ్గరే ఉండటంతో హాస్టళ్లలో, మధ్యాహ్న భోజనంలో సన్నబియ్యం పెట్టిన మంత్రిగా పేరొచ్చింది. ఈటల గురించి ఊళ్లలో ఎవరిని అడిగినా బడ్జెట్ లెక్కల కంటే ముందు సన్నబియ్యం మాటే వస్తుంది. 2018లో కాంగ్రెస్ తరఫున పాడి కౌశిక్‌రెడ్డి నిలబడ్డారు. ఒకప్పుడు హైదరాబాద్ తరఫున క్రికెట్ ఆడిన కుర్రాడు, వీణవంక మండలం వాడు. ఈటలకు 1,04,840, కౌశిక్‌రెడ్డికి 61,121. మెజారిటీ తగ్గింది కానీ సీటు కదల్లేదు.

రాజీనామా ఎందుకు చేస్తారు, ఎందుకు చేయరు

ఇక్కడ చట్టం సంగతి కొంచెం తెలియాలి. 1985లో 52వ రాజ్యాంగ సవరణతో పదో షెడ్యూల్ వచ్చింది. ఒక పార్టీ గుర్తు మీద గెలిచినవాడు తనంతట తాను ఆ పార్టీ వదిలితే, లేదా సభలో విప్‌ను ధిక్కరిస్తే, సభ్యత్వం పోతుంది. పోయిందో లేదో తేల్చేది స్పీకర్. ఆ స్పీకర్ సాధారణంగా అధికార పార్టీ మనిషి. కాబట్టి ప్రతిపక్షం నుంచి అధికార పక్షంలోకి దూకినవాడికి పెద్దగా భయం ఉండదు, ఫిర్యాదు స్పీకర్ బల్ల మీద నెలల తరబడి నిద్రపోతుంది. అధికార పక్షం నుంచి బయటికి దూకినవాడి పరిస్థితి తలకిందులు. అనర్హత వేటు ఎంత వేగంగానైనా పడొచ్చు. ఫిరాయింపుల చట్టం ఒకటే అయినా, ఎటువైపు దూకారన్నదాన్ని బట్టి అది రెండు రకాలుగా పనిచేస్తుంది.

గుంపుగా పోయేవాళ్లకు ఇంకో దారి ఉంది. శాసనసభా పక్షంలో మూడింట రెండొంతుల మంది కలిసి వెళ్తే దాన్ని విలీనం అంటారు, అనర్హత ఉండదు. 2019 జూన్‌లో తెలంగాణ కాంగ్రెస్‌కు ఉన్న ఎమ్మెల్యేల్లో 12 మంది టీఆర్ఎస్‌లో కలిసింది ఈ దారిలోనే. ఒంటరిగా బయటపడే మంత్రికి ఆ దారి ఉండదు. మిగిలేది రాజీనామా.

రాజీనామా లేఖ ఇస్తే అయిపోయినట్టు కాదు. 1974లో చేసిన 33వ సవరణ ప్రకారం, అది ఇష్టపూర్వకంగా ఇచ్చిందేనని, నిజమైనదేనని స్పీకర్‌కు నమ్మకం కుదరాలి. ఈ ఒక్క వెసులుబాటుతో ఎన్ని విడ్డూరాలు జరుగుతాయో ఆంధ్రప్రదేశ్ పాఠకులకు తెలుసు. విశాఖ ఉక్కు ప్రైవేటీకరణకు నిరసనగా గంటా శ్రీనివాసరావు 2021 ఫిబ్రవరిలో రాజీనామా చేస్తే, దాన్ని స్పీకర్ ఆమోదించింది 2024 జనవరిలో, మళ్లీ ఎన్నికలు గుమ్మంలోకి వచ్చాక. ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 151ఎ సెక్షన్ ఖాళీ అయిన సీటుకు ఆరు నెలల్లో ఉప ఎన్నిక పెట్టాలంటుంది. కానీ సభ గడువు ఏడాది లోపే మిగిలి ఉంటే ఆ నియమం వర్తించదు. అంటే రాజీనామా రాసేది ఎమ్మెల్యే అయినా ఉప ఎన్నిక ఎప్పుడన్నది, అసలు ఉందా లేదా అన్నది స్పీకర్ చేతిలో ఉంటుంది.

ఈటల విషయంలో ఏ ఆలస్యమూ జరగలేదు. 2021 జూన్ 12న రాజీనామా ఇచ్చారు, స్పీకర్ పోచారం శ్రీనివాస్‌రెడ్డి ఆ రోజే ఆమోదించారు. 14న ఢిల్లీలో బీజేపీలో చేరిక. అంత త్వరగా ఆమోదించారంటే అధికార పక్షానికి ఉప ఎన్నికలో గెలుస్తామన్న ధీమా ఉందనే అర్థం చేసుకోవాలి. అది ఉత్త ధీమా కూడా కాదు. అంతకుముందు ఏడాది దుబ్బాక ఉప ఎన్నికలో బీజేపీ చేతిలో ఓడినా, ఆ ఏడాదే మే నెలలో ఫలితం వచ్చిన నాగార్జునసాగర్ ఉప ఎన్నికలో కాంగ్రెస్ సీనియర్ నేత జానారెడ్డి అంతటివాణ్ని 18 వేలకు పైగా ఓట్లతో ఓడించి ఉన్నారు.

గొడవ ఎక్కడ మొదలైందంటే

పైకి కనబడిన కారణం భూములు. మెదక్ జిల్లా మాసాయిపేట మండలంలో ఈటల కుటుంబానికి చెందిన కోళ్ల సంస్థ, పేదలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూములు ఆక్రమించిందని కొందరు రైతులు ముఖ్యమంత్రికి ఫిర్యాదు చేశారన్నారు. 2021 ఏప్రిల్ 30 రాత్రి విచారణకు ఆదేశం. మరునాడు వైద్య ఆరోగ్య శాఖ చేతి నుంచి పోయింది. ఆ మరునాడు మంత్రి పదవే పోయింది. కరోనా రెండో అల ఉచ్చదశలో ఉన్న రోజుల్లో ఆరోగ్య మంత్రిని 48 గంటల్లో సాగనంపారు. ఈటల ఆరోపణలను ఖండించారు, సిట్టింగ్ జడ్జితో విచారణ జరిపించమన్నారు.

లోపల రాజుకున్నది అంతకంటే పాతది. 2019 ఆగస్టులో హుజూరాబాద్‌లోనే మాట్లాడుతూ, మంత్రి పదవి తనకు ఎవరూ పెట్టిన భిక్ష కాదని, గులాబీ జెండాకు తాము ఓనర్లమని ఆయన అన్నారు. ఇంటిపేరు వారసత్వం నడిచే పార్టీలో ఆ మాట ఎవరికి తగలాలో వాళ్లకు తగిలింది. ఉద్యమంలో ముందు నుంచీ ఉన్నవాళ్లు వెనక్కి, తర్వాత వచ్చినవాళ్లు ముందుకు పోతున్నారన్న గొణుగుడు అప్పటికే పార్టీ అంతటా ఉంది. దాన్ని మైకు ముందు అన్న మంత్రి ఈయన.

నాలుగున్నర నెలల పండుగ

రాజీనామాకీ పోలింగుకీ మధ్య, కరోనా వల్ల ఎన్నికల సంఘం వాయిదా వేయడంతో, నాలుగున్నర నెలలు దొరికాయి. ఆ నాలుగున్నర నెలల్లో హుజూరాబాద్‌కు ప్రభుత్వమే నడిచి వచ్చింది. నియోజకవర్గపు మనుషులకు పదవులు వరుస కట్టాయి. 2009లో ఈటల మీద కాంగ్రెస్ నుంచి పోటీ చేసిన వకుళాభరణం కృష్ణమోహన్‌రావు బీసీ కమిషన్ ఛైర్మన్ అయ్యారు. హుజూరాబాద్‌కే చెందిన బండ శ్రీనివాస్ ఎస్సీ కార్పొరేషన్ ఛైర్మన్ అయ్యారు. 2018లో 61 వేల ఓట్లు తెచ్చుకున్న కౌశిక్‌రెడ్డి కాంగ్రెస్ వదిలి జూలైలో టీఆర్ఎస్‌లో చేరారు. ఆగస్టు మొదటి రోజుల్లోనే గవర్నర్ కోటాలో ఆయన్ను ఎమ్మెల్సీ చేయాలని మంత్రివర్గం సిఫారసు చేసింది. గవర్నర్ తమిళిసై ఆ ఫైలు పక్కన పెట్టారు. చివరికి నవంబరులో ఎమ్మెల్యే కోటాలో ఎమ్మెల్సీ అయ్యారు.

వీటన్నిటికంటే పెద్దది దళిత బంధు. ఒక్కో కుటుంబానికి 10 లక్షల రూపాయలు, తిరిగి కట్టే పని లేదు. రాష్ట్రంలో పైలట్ నియోజకవర్గంగా హుజూరాబాద్. 2021 ఆగస్టు 16న శాలపల్లిలో కేసీఆర్ ప్రారంభించారు. శాలపల్లి ఆయనకు కలిసొచ్చిన చోటు. 2018 మేలో రైతు బంధు మొదలుపెట్టిందీ అక్కడే, ఆ తర్వాతి ఎన్నికలో ఘన విజయం. అప్పుడు ఆ ఊరి ఎమ్మెల్యే, రాష్ట్ర ఆర్థిక మంత్రి ఈటల. మూడేళ్లకు అదే ఊళ్లో పథకం ఆయన్ను ఓడించడానికి వచ్చింది. పోలింగుకు పన్నెండు రోజుల ముందు ఎన్నికల సంఘం దళిత బంధును నియోజకవర్గంలో ఆపమంది. నవంబరు 2న పెట్టెలు తెరిస్తే శాలపల్లిలో ఆధిక్యం ఈటలదే.

డబ్బు మాట ఎత్తకుండా హుజూరాబాద్ గురించి రాయడం కుదరదు. అప్పటికి అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 30.80 లక్షల రూపాయలు. అభ్యర్థి ఖర్చుకే ఆ పరిమితి, పార్టీ తన పేరుతో పెట్టే ఖర్చుకు అసలు పరిమితే లేదు. స్టార్ క్యాంపెయినర్ల ప్రయాణం కూడా అభ్యర్థి లెక్కలోకి రాదు. ఇది చట్టబద్ధమైన కన్నం. కవర్ల సంగతి చట్టానికి బయటిది. పోలింగుకు ముందు రోజుల్లో కొన్ని ఊళ్లలో జనం రోడ్డెక్కి, పక్క వాడకట్టుకు కవర్లు పంచి మాకెందుకు ఇవ్వలేదని నిలదీసిన దృశ్యాలు అన్ని చానెళ్లలో వచ్చాయి. ఎవరు పంచారంటే ఎవరూ పంచలేదు. ఓటు అమ్ముకున్నారని వాళ్లను తిట్టడం సులువు. కానీ అక్కడ గమనించాల్సింది ఇంకొకటి ఉంది. కవర్ అందినవాళ్లంతా అటే వేసి ఉంటే ఆ ఫలితం వచ్చేది కాదు.

అక్టోబరు 30న పోలింగ్, 86 శాతం దాటింది. ఆ రోజే కడప జిల్లా బద్వేలులోనూ ఉప ఎన్నిక. చనిపోయిన ఎమ్మెల్యే భార్య నిలబడ్డారు, టీడీపీ, జనసేన పోటీకి దిగలేదు, ఆమె 90 వేల మెజారిటీతో గెలిచారు. తెలుగు నేల మీద ఒకే రోజు రెండు ఉప ఎన్నికలు, ఒకటి లాంఛనం, ఇంకోటి యుద్ధం.

ఆ యుద్ధంలో టీఆర్ఎస్ అభ్యర్థి గెల్లు శ్రీనివాస్ యాదవ్. పార్టీ విద్యార్థి విభాగం నాయకుడు, వీణవంక మండలం హిమ్మత్‌నగర్ వాసి, బీసీ మీద బీసీ. ప్రచారం నడిపింది హరీశ్‌రావు. కాంగ్రెస్ నుంచి ఎన్‌ఎస్‌యూఐ నేత బల్మూరి వెంకట్, ఆలస్యంగా వచ్చిన అభ్యర్థి. ఫలితం: ఈటల 1,07,022, గెల్లు 83,167, కాంగ్రెస్ 3,014. మెజారిటీ 23,855.

ఓట్లు ఎటు నుంచి ఎటు వెళ్లాయి

ఇప్పుడు అసలు లెక్క. 2018లో ఈటల ఓట్లు 1,04,840, 2021లో 1,07,022. దాదాపు సమానం. చూడగానే ఎవరికైనా తోచేది, ఆయన ఓటర్లంతా కారు దిగి కమలం ఎక్కారని. మిగతా అంకెలు కూడా ఈ ఊహకు అచ్చంగా సరిపోతాయి. 2018లో కాంగ్రెస్‌కు 61,121, 2021లో 3,014. తగ్గింది 58 వేలు. మూడు పార్టీల మొత్తం ఓట్లు ఈ మధ్యలో సుమారు 25 వేలు పెరిగాయి. ఆ రెండూ కలిపితే 83 వేల పైచిలుకు, అంటే గెల్లుకు వచ్చినంత. కౌశిక్‌రెడ్డి తన ఓట్లు తీసుకుని టీఆర్ఎస్‌లోకి వెళ్లారు, కొత్త ఓట్లు కూడా అటే పడ్డాయి, ఈటల ఓటు ఈటలతోనే ఉంది. అద్భుతంగా కుదిరిన లెక్క.

కుదిరిందంటే నిజమని కాదు. ఇవే అంకెలు ఇంకో కథకూ సరిపోతాయి. కారు గుర్తు ఓటర్లలో సగానికి పైగా కారుతోనే ఉండిపోయారు, మిగతావాళ్లు ఈటల వెంట వెళ్లారు. కాంగ్రెస్ ఓటర్లు కౌశిక్‌రెడ్డి వెంట వెళ్లలేదు. కేసీఆర్‌ను ఓడించగలిగేది ఈసారి ఈటలే కాబట్టి కమలానికి గుద్దారు. మొత్తాలు ఇలా వేసినా అంతే వస్తాయి. ఎవరి ఓటు ఎటు మారిందో పెట్టె చెప్పదు. చెప్పేది మొత్తమే.

ఈ రెండు కథల్లో ఏది నిజమో తేల్చింది 2023. ఆ ఏడు బీఆర్ఎస్‌గా పేరు మార్చుకున్న కారు పార్టీ నుంచి కౌశిక్‌రెడ్డే అభ్యర్థి, ఆయనకు 80,333. ఈటలకు 63,460. కాంగ్రెస్ అభ్యర్థి వొడితల ప్రణవ్‌కు 53,164. మొదటి కథ నిజమైతే, 2021లో కాంగ్రెస్ ఓట్లు కారులోకి ఎక్కి ఉంటే, 2023లో కాంగ్రెస్ మళ్లీ లేచినప్పుడు కారు ఓట్లు పడిపోవాలి. పడిపోయాయా? 83,167 నుంచి 80,333. మూడు వేలు కూడా తగ్గలేదు. అదీ కొత్త అభ్యర్థితో. పడిపోయింది ఈటల ఓటు, 43,562. లేచింది కాంగ్రెస్ ఓటు, 50,150. మధ్యలో అటూ ఇటూ మారినవాళ్లు ఉండే ఉంటారు, కొత్త ఓటర్లూ ఉంటారు. కానీ నికరంగా చూస్తే ఒక గల్లాపెట్టెలో తగ్గిందీ ఇంకో గల్లాపెట్టెలో పెరిగిందీ ఇంత దగ్గరగా ఉన్నప్పుడు, రెండో కథనే నమ్మాలి.

అంటే 2021లో ఈటల సొంత ఓటు, ఆయన వెంట ఏ జెండాకైనా వచ్చేది, ఓ అరవై వేలనుకోవచ్చు. సున్నాకు దగ్గరగా ఉన్న పార్టీ గుర్తు మీద అరవై వేలు తెచ్చుకునే మనిషి ఈ రాష్ట్రంలో ఎంతమంది? చాలా కొద్దిమంది. కానీ గెలవడానికి అది చాలదు. పైన పడిన నలభై వేల పైచిలుకు ఉప ఎన్నిక పుణ్యం.

మునుగోడును పక్కన పెట్టి చూస్తే ఇది ఇంకా తేటపడుతుంది. 2022లో కోమటిరెడ్డి రాజగోపాల్‌రెడ్డి కాంగ్రెస్‌కు, ఎమ్మెల్యే పదవికి రాజీనామా చేసి బీజేపీ నుంచి నిలబడ్డారు. ఈటల చేసిందే. నవంబరు ఫలితం: టీఆర్ఎస్ 97,006, రాజగోపాల్‌రెడ్డి 86,697, కాంగ్రెస్ 23,906. ఓడింది 10,309 తేడాతో. హుజూరాబాద్‌లో కాంగ్రెస్ 3 వేలకు కుంగింది కాబట్టి ఈటల గెలిచారు. మునుగోడులో కాంగ్రెస్ డిపాజిట్ పోగొట్టుకున్నా దాదాపు 24 వేలు అట్టిపెట్టుకుంది, రాజగోపాల్‌రెడ్డి ఓడారు. ఏడాదికి ఆయన కాంగ్రెస్‌లోకి తిరిగొచ్చి అదే మునుగోడులో గెలిచారు కూడా. తెలంగాణలో ఆ రెండేళ్లూ బీజేపీ ఉప ఎన్నికల గెలుపోటములను నిర్ణయించింది కాంగ్రెస్ ఓటరు ఓపిక.

ఉప ఎన్నికలో ఆ ఓటరు అలా ఎందుకు చేస్తాడంటే, నష్టం లేదు కాబట్టి. ప్రభుత్వం మారదు, పింఛను ఆగదు. ఉన్న ముఖ్యమంత్రికి ఒక చెంపదెబ్బ వేయొచ్చు, అంతే. ఎవరి చేత్తో కొడితే గట్టిగా తగులుతుందో ఆ చెయ్యి చూసుకుంటాడు. సాధారణ ఎన్నికలో ప్రశ్న మారిపోతుంది: హైదరాబాద్‌లో కుర్చీ ఎవరిది? 2023 నవంబరు నాటికి కేసీఆర్‌ను దించగలిగేది కాంగ్రెస్సేనని తెలంగాణలో చాలామంది ఒక నిర్ణయానికి వచ్చేశారు. ఇక ఈటలను మోయాల్సిన అవసరం ఆ ఓటరుకు లేదు.

రెండు పడవలు

దీనికి ఆయన చేతులారా చేసుకున్నది కొంత తోడైంది. 2023లో ఈటల హుజూరాబాద్‌తో పాటు గజ్వేల్‌లోనూ కేసీఆర్ మీద నిలబడ్డారు. ఒకే మనిషి రెండు చోట్ల పోటీ చేయడాన్ని చట్టం ఒప్పుకుంటుంది, రెండుకు మించి ఒప్పుకోదు. గజ్వేల్ ఫలితం: కేసీఆర్ 1,11,684, ఈటల 66,653. తేడా 45,031. అక్కడ బీజేపీకి అన్ని ఓట్లు రావడం చిన్న విషయం కాదు. కానీ పోలింగుకు పక్షం రోజుల ముందు ఇంటి సీటులో ఊరూరా తిరగాల్సిన అభ్యర్థి గజ్వేల్‌కూ హుజూరాబాద్‌కూ మధ్య కారులో ఉంటే, పల్లెలో ఆ మాట ఎలా వినబడుతుందో ఊహించుకోవచ్చు. తనకే ఇక్కడ నమ్మకం లేదట, అందుకే ఇంకో చోట వేశాడట. పార్టీలోనూ ఆయనది మామూలు పాత్ర కాదు, ఆ జూలైలోనే రాష్ట్ర ఎన్నికల నిర్వహణ కమిటీ ఛైర్మన్ అయ్యారు. ఎదుట ఉన్న కౌశిక్‌రెడ్డికి ఆ బరువులేవీ లేవు, ఆయనకున్నది ఒకటే సీటు. ప్రచారం చివరి రోజున కమలాపూర్‌లో భార్యను, కూతురిని పక్కన పెట్టుకుని, గెలిపిస్తే జైత్రయాత్ర, ఓడిస్తే శవయాత్ర అన్న అర్థంలో మాట్లాడి ఎన్నికల సంఘం నుంచి నివేదిక అడిగించుకునేదాకా వెళ్లారు. ఎబ్బెట్టుగా ఉంది. పనిచేయలేదని మాత్రం చెప్పలేం.

చిత్రం ఏమిటంటే, ఆ ఎన్నికల్లో కేసీఆర్‌ను బీజేపీ ఓడించింది. గజ్వేల్‌లో కాదు, కామారెడ్డిలో. ఓడించింది ఈటల కాదు, కాటిపల్లి వెంకటరమణారెడ్డి. కేసీఆర్‌నూ రేవంత్‌రెడ్డినీ ఒకేసారి ఓడించిన స్థానిక నేత. రాష్ట్రమంతా తిరిగే నాయకుడు చేయలేని పని ఊళ్లోనే ఉన్నవాడు చేశాడు.

ఆరు నెలలకు మల్కాజిగిరి. 2024 లోక్‌సభ ఎన్నికల్లో ఈటలకు 9,91,042 ఓట్లు, కాంగ్రెస్ అభ్యర్థి పట్నం సునీతకు 5,99,567. మెజారిటీ 3,91,475. దీని మీద ఎక్కువ చెప్పడానికి లేదు, అది మోదీ పేరు మీద నగర శివార్లు వేసిన ఓటు. ఒక్క పోలిక మాత్రం ఆగనివ్వదు. 2018 డిసెంబరులో కొడంగల్‌లో ఓడిన రేవంత్‌రెడ్డి 2019 మేలో ఇదే మల్కాజిగిరి నుంచి ఎంపీ అయ్యారు. అక్కడి నుంచి పీసీసీ అధ్యక్షుడు, అక్కడి నుంచి ముఖ్యమంత్రి. హుజూరాబాద్‌లో కాంగ్రెస్‌కు 3,014 ఓట్లు వచ్చినప్పుడు పీసీసీ కుర్చీలో ఉన్నది ఆయనే. ఆ రోజు ఆయన్ను తిట్టనివాడు పాపి. ఆ ఓట్లు ఎక్కడికీ పోలేదని, వడ్డీతో సహా తిరిగి రాబట్టుకోవచ్చని ఎవరికైనా తోచి ఉంటే ఆయనకే తోచి ఉండాలి. ఈటల అదే మెట్టు ఎక్కారు గానీ పై మెట్లు ఆయనకు అంత తేలిగ్గా దొరకలేదు. 2025 జూలైలో రాష్ట్ర బీజేపీ అధ్యక్ష పదవి ఎన్. రామచందర్‌రావుకు వెళ్లింది.

హుజూరాబాద్ ఎమ్మెల్యేగా కౌశిక్‌రెడ్డి ఇంకో రకంగా వార్తల్లోకి వచ్చారు. 2023 తర్వాత బీఆర్ఎస్ ఎమ్మెల్యేలు పది మంది కాంగ్రెస్ వైపు వెళ్లారు. ఒక్కరూ రాజీనామా చేయలేదు. వారిలో దానం నాగేందర్ అయితే బీఆర్ఎస్ ఎమ్మెల్యేగా ఉంటూనే సికింద్రాబాద్ లోక్‌సభకు కాంగ్రెస్ బీ-ఫారం మీద పోటీ చేశారు. స్పీకర్ తేల్చడం లేదంటూ సుప్రీంకోర్టుకు వెళ్లినవారిలో కౌశిక్‌రెడ్డి ఒకరు, తీర్పు ఆయన పేరుతోనే ఉంది. 2025 జూలై 31న అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ గవాయ్ ధర్మాసనం, మూడు నెలల్లో తేల్చమని స్పీకర్‌ను ఆదేశించింది. 2021లో కాంగ్రెస్ నుంచి టీఆర్ఎస్‌కు వెళ్లినప్పుడు కౌశిక్‌రెడ్డికి ఈ చట్టం తగల్లేదు, ఎందుకంటే అప్పుడు ఆయన ఎమ్మెల్యే కారు, ఓడిన అభ్యర్థి. ఓడినవాడి ఫిరాయింపుకు మన చట్టంలో పేరు లేదు.

వచ్చే సాధారణ ఎన్నిక 2028లో. హుజూరాబాద్‌లో ఎవరు నిలబడతారన్నది అప్పటి సంగతి. చూడాల్సిన అంకె మాత్రం ఇప్పుడే తెలుసు: కాంగ్రెస్ 53,164. అధికారంలో ఐదేళ్లు గడిపాక ఆ ఓటు నిలబడితే ముక్కోణపు పోటీ, కారుకు 80 వేలు చాలు. అది మళ్లీ సగానికి కుంగితే ఆ సగం ఎవరి వైపు ఒరుగుతుందో వాళ్లదే సీటు. ఈటల పేరు ఆ బ్యాలెట్ మీద ఉన్నా లేకపోయినా, ఆయన వెంట నడిచిన ఆ అరవై వేల మందిని ముందు పలకరించాల్సింది బీజేపీ అభ్యర్థే.